మెత్త గింజల పిండి

చాటలో గింజ పోసి మూడుసార్లు ఎగరేస్తే చాలు, ఏది గట్టిదో ఏది మెత్తదో చాటమ్మకు చప్పుడుతోనే తెలిసిపోయేది. కళ్ళు మూసుకుని చెరగమన్నా చెరిగేది, పక్కవాళ్ళతో పోట్లాడుతూ చెరగమన్నా చెరిగేది. ఆ రెండోదే ఎక్కువగా చేసేదనుకోండి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఆమెకూ ఉండేది గానీ, అది గోడౌన్ హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా బతకలేదు. ముప్ఫై ఏళ్ళు ఒకే షావుకారు దగ్గర మొక్కజొన్న చెరిగిన మనిషిని చాటమ్మ అనక ఇంకేమంటారు?

గోడౌన్ అంటే పొడుగాటి రేకుల షెడ్డు. రెండు తలుపులు, ఎత్తున నాలుగు చిన్న కిటికీలు, లోపల కప్పుకు తగిలేదాకా బస్తాలు. ఎండాకాలం రేకులు కాలి బస్తాలకు చెమట పట్టేది. వానాకాలం గోడల నిండా చెమ్మ దిగేది. గోడకు ఆనుకున్న వరసలో, అడుగున నలిగే బస్తాల్లో గింజ ఎప్పుడూ కాస్త రంగు తిరిగే ఉండేది. అవి విప్పి ఏరడం చాటమ్మ పని. ఆమె ముందు ఎప్పుడూ మూడు కుప్పలుండేవి. నిగనిగలాడే గట్టి గింజ లారీకి. విరిగిన గింజ కోళ్ళ షెడ్డుకు. మూడోది మెత్త గింజ. తేలిగ్గా ఉంటుంది, వన్నె ఉండదు, మొన దగ్గర కాస్త బూడిద రంగో పచ్చ రంగో అంటుకుని ఉంటుంది, గోటితో నొక్కితే పొడైపోతుంది. అదీ ఒకప్పుడు కోళ్ళ షెడ్డుకే పోయేది.

మూడేళ్ళ క్రితం కోళ్ళాయన ఆ మూడో కుప్ప ఇక తనకు వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో చాటమ్మ అడగలేదు. కూరగాయల బండివాణ్ణి వంకాయకు తొడిమ ఎందుకింత పొడుగని నిలదీసే మనిషి, ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. షావుకారు దగ్గరకు వెళ్ళి, "ఆ మెత్త గింజ ఏం చెయ్యమంటారు?" అంది.

"బయట పారేస్తావో, ఇంటికి పట్టుకెళ్తావో నీ ఇష్టం," అన్నాడాయన, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే.

గింజ పారెయ్యడానికి ఆమెకు చేతులెక్కడొస్తాయి? ఇంటికి మోసుకెళ్ళింది. తిరగలిలో వేసి తిప్పి చూసి, తన అదృష్టానికి తానే మురిసిపోయింది. గట్టి గింజను ఎంత తిప్పినా పలుకులు మిగులుతాయి. ఆ పలుకు పసివాళ్ళ గొంతుకు అడ్డం పడితే దగ్గు, వాంతి, ఏడుపు, ఇల్లంతా గోల. మెత్త గింజ అలా కాదు, ఒక్క తిప్పుకే మొహానికి రాసుకునే పౌడరులా జారింది. కాస్త ముక్కిన వాసన వేస్తుంది, నిజమే. దోరగా వేయిస్తే అది కాస్తా పోయింది. వాసన పోయిందంటే దోషం పోయినట్టే కదా! నాలుగు వేరుశనగ గింజలు కలిపి, పాత చీర ముక్కలో జల్లించి, జావ కాచి, పక్కింటి పసిపిల్ల నోట్లో పెడితే చప్పరించి ఇంకా కావాలని చెంచా పట్టుకుంది. ఇంకేం కావాలి?

"పళ్ళు లేని నోటికి రాయి లాంటి గింజ పెట్టేవాళ్ళకు బుద్ధుండాలి," అని ఆ రోజు నుంచి చాటమ్మ ఊరందరికీ పాఠం చెప్పింది. ఊరు విన్నది. పాలు మాన్పించే వయసు రాగానే తల్లులు స్టీలు డబ్బాలు పట్టుకుని ఆమె గుమ్మం ఎక్కేవాళ్ళు. డబ్బులిస్తామంటే తిట్టి పంపేది. ఆమెకు కావలసింది డబ్బు కాదు, "మీ చేతి చలవ పిన్నీ" అనే మాట. ఆ మాట కోసం పగలంతా చెరిగి వచ్చిన చేతులతోనే సాయంత్రం తిరగలి తిప్పేది. ఊళ్ళో ఇరవైమూడు ఇళ్ళలో ఆమె పిండి తినే పిల్లలుండేవాళ్ళు. అంత మంచి పని చేసేది మహాతల్లి.

ఆ పిల్లలు పెరగడం లేదన్న సంగతి కూడా అందరికీ తెలుసు. తెలిసి ఏం చేశారు? నవ్వుకున్నారు. పక్కింటి దర్జీ భార్య తన రెండేళ్ళ కూతుర్ని ఎత్తుకుని, "చూశారా పిన్నీ, పోయినేడు కుట్టిన గౌను ఈయేడు కూడా అతికినట్టు సరిపోయింది. మా ఆయనకు గుడ్డ కలిసొచ్చింది," అనేది. చాటమ్మ కూడా పడీ పడీ నవ్వేది. నెలకోసారి నర్సమ్మ వచ్చి పిల్లల్ని చెక్క మీద పడుకోబెట్టి పొడుగు కొలిచి, పెదవి విరిచి, కార్డులో ఏదో రాసుకునేది. "మా వంశమే పొట్టి," అనేవాళ్ళు ఇంట్లోవాళ్ళు. ఒక ఇంట్లో అంటే సరేలే అనుకోవచ్చు. ఇరవైమూడు ఇళ్ళూ ఒకే వంశమా?

ఇక చాటమ్మ ఇంటి సంగతి. కొడుకు లారీ మీద తిరుగుతూ నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు. మిగతా ఇరవయ్యారు రోజులూ అత్తాకోడళ్ళే. కోడలు నోట్లో నాలుక లేని పిల్ల. అలాంటి పిల్ల దొరికితే కొందరు అత్తలకు నోరు ఆగదు. అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ అన్న సామెత ఈ ఇంట్లోనే పుట్టి ఉంటుంది.

కోడలికి తొలిచూలు ఆడపిల్ల. ఆరు నెలల దాకా బొద్దుగా, చేతికి బరువుగా ఉండేది. ఆరో నెలలో నాయనమ్మ పిండి మొదలుపెట్టారు. తన సొంత మనవరాలు కదా, అందరికన్నా మెత్తటి గింజ ఏరి, అందరికన్నా ఎక్కువసార్లు జల్లించి పెట్టేది చాటమ్మ. పిల్ల ఎదుగుదల ఆగింది. ఒళ్ళు చిక్కింది, పొట్ట మాత్రం ఉబ్బింది. చాటమ్మ పిండి ఇంకో గుప్పెడు పెంచింది, తప్పు మాత్రం కోడలి మీద వేసింది.

"నీ పాలల్లో బలం ఎక్కడేడ్చింది? నీళ్ళు! ఉత్త నీళ్ళు! నా పిండి లేకపోతే ఈపాటికి పిల్ల ఎప్పుడో పోయేది."

పిల్ల ఏడాదిన్నరకు పోయింది. కళ్ళు పసుపు పచ్చగా తిరిగి, మూడు రోజులు మూలుగుతూ పోయింది. కామెర్లన్నారు. ఇల్లంతా జనం ఉండగా, పిల్ల ఇంకా చాప మీద ఉండగా, చాటమ్మ గుండెలు బాదుకుంటూ అన్న మాట ఏమిటంటే: "ఇంత మంచి పిండి తిన్నా బతకలేదంటే, ఆ పాలల్లో ఏం విషం ఉందో!" కోడలు గోడకు ఆనుకుని వింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "అదేం మాట పిన్నీ" అనలేదు. నోరున్నవాళ్ళదే ఊరు.

ఏడాది తిరిగేసరికి మనవడు పుట్టాడు. ఈసారి చాటమ్మ ఊరుకుంటుందా? వాణ్ణి చూస్తే ఆమె ప్రాణం లేచి వచ్చేది. వాడు ఆమె వేలు పట్టుకుంటే గంటసేపు కదలకుండా కూర్చునేది, చాట పట్టినప్పటి నుంచి అలా కూర్చుని ఎరగని మనిషి. వాడు బతకాలి. మొదటిదాన్ని పోగొట్టుకున్నాం, వీడు దక్కాలి, అంతే. నాలుగో నెల నిండగానే కోడల్ని పిలిచి, "ఇక చాలు, ఆ పాలు మాన్పించు. ఒకదాన్ని తిన్నావు, వీణ్ణి నాకు వదిలెయ్," అంది.

ఆ మాట అని నిద్రపోయింది కూడా. కోడలు స్నానాల గదిలో తలుపేసుకుని, గుడ్డ నోట్లో కుక్కుకుని, పాలు నేల మీదకు పిండుకుంది. నెల రోజులకు అవి ఎండిపోయాయి.

ఎనిమిదో నెలకు వాడి బరువు అక్కడే నిలబడింది. నర్సమ్మ రెండు నెలలు వరసగా అదే అంకె రాసి, "ఏం పెడుతున్నారమ్మా?" అనడిగింది. చాటమ్మ డబ్బా తెచ్చి మూత తీసింది. నర్సమ్మ వేళ్ళతో రాసి చూసి, "అబ్బ, ఎంత మెత్తగా ఉంది! ఇంట్లోనే చేశారా? బాగుంది. కాస్త నూనె కలిపి, గుడ్డు కూడా పెడుతుండండి," అని వెళ్ళిపోయింది. చాటమ్మకు వారం రోజులు కాళ్ళు నేల మీద ఆనలేదు.

గుడ్డు అంటే కోళ్ళాయన గుర్తొచ్చాడు. ఆ ఏడు వానకు గోడౌన్ వెనక గోడ కారి మెత్త గింజ కొండలా పడింది. అందులోంచి ఒక బస్తా ఇచ్చి, రోజుకో గుడ్డు తెచ్చుకుంటే మనవడికి బలం. ఆలోచన రాగానే బస్తా నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. ఎండలో అంత దూరం మోసుకెళ్ళి, షెడ్డు గేటు దగ్గర దింపబోయిందో లేదో, లోపల్నుంచి కోళ్ళాయన చేతులూపుతూ పరిగెత్తుకొచ్చాడు.

"దించొద్దు! దించొద్దు! ఆ గింజ నా గేటు లోపలికి తేవొద్దు తల్లీ!"

"ఏమైందయ్యా? పామేమైనా ఉందా ఇందులో?"

"పామైతే ఒక కోడిని కాటేస్తుంది. మూడేళ్ళ కింద ఈ గింజ మేపి, వారంలో నాలుగు వందల కోడిపిల్లల్ని పూడ్చిపెట్టాను. పశువుల డాక్టరు కోసి చూపించాడు, కార్జం పచ్చగా ఉబ్బిపోయి ఉంది. బూజు విషమట. చెమ్మకు గింజలో పడుతుందట."

చాటమ్మ బస్తా ఇంకా నెత్తి మీదే ఉంది. దింపడం మర్చిపోయింది.

"వేయిస్తే పోదా?"

"పోదట. వేయించినా పోదు, ఉడికించినా పోదు. వాసన పోతుంది, విషం పోదు. నేను అడగలేదనుకున్నావా? నాలుగు వందల ప్రాణాలు పోతే అడగనా?"

"మరి... మనుషులు తింటే?"

కోళ్ళాయన నవ్వాడు. పాపం, మంచివాడే. "మనుషులెవరు తింటారమ్మా దీన్ని? బుద్ధున్నవాడెవడైనా తింటాడా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె మొహం చూసి నవ్వాపేసి, "ఏం? ఎవరైనా తింటున్నారా?" అనడిగాడు.

"లేదు," అంది చాటమ్మ.

అదీ మొదటి అబద్ధం. ఆ మధ్యాహ్నం ఆమెకు అబద్ధం ఆడాలన్న ఆలోచన కూడా లేదు, నోరే ఆడేసింది.

దారిలో మురుగు కాలవలో బస్తా కుమ్మరించి, నేరుగా షావుకారు దగ్గరకు వెళ్ళింది. ఆయన లెక్క చూసుకుంటున్నవాడల్లా తలెత్తాడు. విషయం వింటూనే తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"తీసుకుపొమ్మన్నాను గానీ తినమన్నానా? నీ ఇంట్లో మేకలో కోళ్ళో ఉన్నాయనుకున్నాను."

"అంటే మీకు తెలుసన్నమాట."

"కోళ్ళకు పడలేదని తెలుసు. నువ్వు ఊరి పిల్లలకు పెడుతున్నావని నాకేం తెలుసు? చూడు చాటమ్మా, నేను నీ మంచికోరి చెబుతున్నా. ఈ మాట బయటికి పొక్కితే గింజ ఎవరిదని ఎవరూ అడగరు. పిండి ఎవరు చేశారనే అడుగుతారు. పోయిన నీ మనవరాలి సంగతి కూడా ఎత్తుతారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆమెతో అంత మెల్లగా మాట్లాడింది అదే మొదటిసారి.

మనవరాలు! అప్పటిదాకా ఆమెకు తట్టనే లేదు. గోడౌన్ బయట గోడ పట్టుకుని కూలబడింది. పిల్ల మూడు రోజుల మూలుగూ చెవిలో మోగింది. అందరికన్నా మెత్తటి గింజ ఏరి పెట్టిన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఏడ్చి లేచాక ఏం చేసిందో చెబితే, ఆ ఏడుపు మీద జాలి పడాలో వద్దో మీరే చెప్పండి.

ఇంటికి వెళ్ళి పిండి డబ్బా పెరట్లో గొయ్యి తీసి కుమ్మరించింది. కోడలు నూతి దగ్గర బట్టలు పిండుతూ చూసింది.

"అదేంటత్తయ్యా? మొన్ననే కదా విసిరారు?"

"పురుగు పట్టింది. ఇక గట్టి గింజే వాడికి. రెండుసార్లు విసిరి జావ కాచు."

"గొంతులో పడుతుందేమో..."

"చెప్పింది చెయ్యి." అని, నేల చూస్తూ, "పాలు కూడా ఓసారి పట్టి చూడరాదూ," అంది.

కోడలు తడిచేతులు చీరకు తుడుచుకుంది. "ఎండిపోయాయి కదా అత్తయ్యా," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, చాటమ్మ తిరిగి తిట్టి తప్పించుకునేది.

నిజం చెప్పడానికి ఆ నిమిషం ఉంది. "నీ పాలు మంచివే, నా పిండే చెడ్డది" అంటే అయిపోయేది, అయిదారు మాటలు. మూడేళ్ళు ఊరంతా వినేలా అరిచిన నోరు, నూతి దగ్గర ఒక్క మనిషి ముందు ఆ అయిదారు మాటలు అనలేకపోయింది. ఆ పిల్ల కళ్ళలోకి చూసి, నీ కూతుర్ని చంపింది నేనే, ఆ నేరం నీ నెత్తిన పెట్టిందీ నేనే అని ఎలా అంటుంది? రేపు చెబుదాం అనుకుంది. ఎల్లుండి కూడా అలాగే అనుకుంది.

మరి ఊళ్ళో డబ్బాలు? అవి నిండుగా ఉన్నాయి, ఒక్కో ఇంట్లో మూడు నెలలకు సరిపడా. మర్నాడు పొద్దున్న దర్జీ ఇంటికి వెళ్ళింది, చెప్పాలనే వెళ్ళింది. దర్జీ భార్య కూతుర్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని జావ తాగిస్తోంది.

"రండి పిన్నీ. ఇదిగో, మీ పేరు చెబితేనే నోరు తెరుస్తుంది ఇది. డబ్బా నిండా ఉందిలెండి, మూడు నెలల దాకా మీకు శ్రమ లేదు."

చాటమ్మ నీళ్ళు నమిలింది. "ఆ పిండికి... పురుగు పడుతోందట. చూసి వాడు."

"జల్లించుకుంటాలెండి."

"ఇక నేను చెయ్యడం లేదు. గింజ రావట్లేదు."

"అయ్యో! అయితే జాగ్రత్తగా వాడుకోవాలి," అంది దర్జీ భార్య, డబ్బా మూత గట్టిగా బిగిస్తూ.

తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చింది. ఉన్న పిండి అయిపోతే వాళ్ళే మానేస్తారు, ఇక తాను చేస్తే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. ఇరవైమూడు ఇళ్ళలో పసివాళ్ళు రోజుకు మూడు పూటలా తింటుండగా, ఆమె అది అయిపోవడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఇంతకన్నా చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ తర్వాత చాటమ్మ మారిపోయింది. కోడల్ని తిట్టడం మానేసింది. వడ్డించేటప్పుడు ముందు కోడలికి పెట్టింది. ఒకరోజు జడ కూడా వేసింది. ఆ పిల్లకు దడ పుట్టింది. తిట్టే అత్తను ఎలా భరించాలో తెలుసు గానీ, తిట్టని అత్తను ఏం చేసుకోవాలో ఎవరు నేర్పారు? మనసులో ఏదో పెట్టుకుందనుకుంది.

చాటమ్మ మాత్రం పొద్దునే గోడౌన్‌కు వెళ్ళేముందు మనవణ్ణి వెలుగులోకి ఎత్తుకుపోయి కళ్ళు చూసేది. సాయంత్రం రాగానే మళ్ళీ చూసేది. విషం మానేశాం కదా, వాడు తేరుకోవాలి. వారం చూసింది, రెండు వారాలు చూసింది. పొట్ట తగ్గలేదు. ఆమె ముందు గట్టి జావ రెండు చెంచాలు తాగి, దగ్గి, మొహం తిప్పుకునేవాడు. ఆరో వారంలో ఒకరోజు పొద్దున వాడి కళ్ళు పసుపు పచ్చగా కనిపించాయి. చాటమ్మ చాట అక్కడే పడేసి, వాణ్ణి ఎత్తుకుని, కోడల్ని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తింది.

అక్కడ పొడుగాటి వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, రక్తం తీయించి, సాయంత్రం కాగితం పట్టుకుని వచ్చింది. కార్జం దాదాపు పని మానేసిందంది.

"ఏం పెడుతున్నారు వీడికి?"

"గట్టి గింజ జావండీ," అంది చాటమ్మ గబగబా. "నెల పైనుంచి అదే. ఇంకేం పెట్టలేదు."

కోడలు మంచం కోడు పట్టుకుని నిలబడింది. "కాదండీ," అంది.

"కాదేమిటే?"

"మీరు గోడౌన్‌కి వెళ్ళాక మెత్త పిండే పెట్టాను అత్తయ్యా. మూడు పూటలా. దర్జీ వాళ్ళింట్లో అడిగి తెచ్చుకున్నాను." అన్నేళ్ళ మాటలూ ఒకేసారి వచ్చాయి. "గట్టి జావ వాడికి దిగడం లేదు, దగ్గి చచ్చిపోతున్నాడు. పురుగు పట్టిందన్నారు, నేను చూశాను, ఒక్క పురుగు లేదు. నా మీద కోపంతోనే పారబోశారనుకున్నాను. ఊళ్ళో పిల్లలందరూ మీ పిండే తింటుంటే నా కొడుక్కి మాత్రం లేకుండా చేశారనుకున్నాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు... అందుకే అడుక్కొచ్చాను. నా పాలు ఎలాగూ మంచివి కావు కదా, కనీసం మీ పిండైనా వాడి కడుపులో పడితే బతుకుతాడని. తప్పయిపోయింది. కొట్టాలంటే కొట్టండి. వాడు తేరుకున్నాక కొట్టండి."

చాటమ్మ కొట్టలేదు. ఆసుపత్రి నేల మీద చతికిలబడి కోడలి రెండు కాళ్ళూ పట్టుకుంది. కోళ్ళాయన చెప్పింది చెప్పింది, షావుకారు అన్నది చెప్పింది, గొయ్యి తీసి ఎందుకు కుమ్మరించిందో చెప్పింది. వార్డంతా వింది.

కోడలు మంచం మీద కొడుకు వైపు చూసింది. "పెద్దదానిక్కూడా ఇదేనా?" అంది.

"ఇదే."

"నా పాలు కాదా?"

"కాదు తల్లీ. నీ పాలు మంచివే. నేనే, నా చేతులే..."

"మీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

చాటమ్మ చెప్పలేక చెప్పింది. "ముప్ఫైఆరు రోజులు."

"నేను దర్జీ వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టి ముప్ఫైనాలుగు," అంది కోడలు. కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత ఆ వార్డులో ఆమె అత్తతో మాట్లాడలేదు.

పిల్లవాడు మర్నాడు మధ్యాహ్నం పోయాడు. తండ్రికి కబురు అందేసరికి ఎక్కడో దూరాన సరుకు దింపుతున్నాడు, వచ్చేసరికి పూడ్చడం అయిపోయింది.

పూడ్చి వచ్చిన మనుషులు చెదిరిపోగానే కోడలు ఇంట్లోకి రాలేదు. గుమ్మంలో నిలబడే, "పదండి," అంది అత్తతో.

"ఎక్కడికే?"

"ఇరవైమూడు ఇళ్ళున్నాయి. మీరే చెప్పాలి. నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

మొదట పక్కిల్లే, దర్జీవాళ్ళది. తలుపు తీసే ఉంది. దర్జీ భార్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. వాళ్ళను చూసి కళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చింది. కోడలు పక్కకు తప్పుకుంది. చాటమ్మ చెప్పింది. ఈసారి ఏమీ దాచలేదు. కోళ్ళ సంగతి, గింజ సంగతి, తన మనవలిద్దరి సంగతి.

దర్జీ భార్య మొహం వింటూ వింటూ గట్టిపడింది.

"అంటే ఏమంటారు? నా డబ్బాలో పిండి తినే మీవాడు పోయాడంటారా? జాలిపడి నా పిల్ల నోటి దగ్గర కూడు సగం తీసిస్తే, నేను చంపానంటారా?"

"నిన్ననడం లేదమ్మా, నన్నే..."

"మొన్న పురుగన్నారు. తర్వాత గింజ రావట్లేదన్నారు. ఇవాళ విషం అంటున్నారు. ఏది నమ్మమంటారు? మీ కోడలి పాలే మంచివి కావని ఊరంతా చెప్పింది మీరు కాదూ? పెద్దది పోయిన రోజు ఈ చెవులతో విన్నాను నేను! మీ పిల్లలు మీకు దక్కలేదు, దానికి నేనేం చెయ్యను? నా పిల్ల బంగారంలా ఉంది. మీకు దుఃఖంతో మతి పోయింది పిన్నీ, ఇంటికెళ్ళి పడుకోండి."

చాటమ్మ డబ్బా కోసం చెయ్యి చాచింది. దర్జీ భార్య ఆ చేతిని తోసేసి, తలుపు మూసి, లోపల గడియ వేసింది.

చాటమ్మ రెండు చేతులతో తలుపు బాదింది. "పెట్టకే! పెట్టకే తల్లీ! నేనే చేశానే దాన్ని, నాకు తెలుసే!" అని గొంతు పగిలేలా అరిచింది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ముసలిది పిచ్చిదైపోయిందన్నారు ఎవరో. కోడలు కిటికీ దగ్గరకు వెళ్ళి చువ్వలు పట్టుకుని లోపలికి చూసింది.

లోపల దర్జీ భార్య కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని, కోపంగా, గబగబా జావ తాగిస్తోంది.